పూల లోయకు ఎప్పుడు వెళ్లాలి, ఎలా నడవాలి

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి ఏ నెలలో వెళ్తే బాగుంటుందని ఎవరైనా అడిగితే, ఏ పూలు చూడాలని ఉందో ముందు చెప్పమంటాను. జూన్‌లో కనిపించేవి ఆగస్టుకు ఉండవు. ఆగస్టులో మనిషి ఎత్తుకు లేచే మొక్కలు జూన్‌లో ఇంకా మొలక దశలోనే ఉంటాయి. చాలామంది సెలవు దొరికిన వారానికి టికెట్లు తీసేసుకుంటారు. తీరా అక్కడికి వెళ్లాక ఫొటోల్లో చూసినట్టు లేదని నిరాశపడతారు. ఫొటోలు వేరే వారానివి, వేరే ఎత్తులో తీసినవి అన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఈ లోయ చమోలీ జిల్లాలో ఉంది. 1982లో జాతీయ పార్కు అయింది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. ఐదు వందలకు పైగా జాతుల పూల మొక్కలు ఇక్కడ ఉన్నాయి. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ దారి తప్పి ఇటు దిగిన ఫ్రాంక్ స్మైత్ బృందం వల్ల బయటి ప్రపంచానికి దీని పేరు తెలిసింది. భ్యుందార్ ఊరి పశువుల కాపరులకు మాత్రం ఇది ఎప్పటి నుంచో తెలిసిన మేత భూమి. సందర్శకులను జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకే లోపలికి పంపుతారు. మిగతా కాలమంతా మంచే.

మొదట నెల, ఎత్తు రెండూ కలిపి చూసుకోండి

కొండ మీద వెయ్యి మీటర్లు పైకి వెళ్తే చలి సుమారు ఆరు డిగ్రీలు పెరుగుతుంది. అందుకే మంచు ముందు కింద కరుగుతుంది, తర్వాత మెల్లగా పైకి కరుగుతూ పోతుంది. మంచు తొలగిన చోట కొద్ది రోజులకే మొక్క లేస్తుంది, తొందరగా పూస్తుంది, మళ్లీ మంచు పడేలోపు గింజ కట్టేస్తుంది. దానికి ఉన్న వ్యవధి మూడు నాలుగు నెలలే. దీని వల్ల మనకొక పెద్ద సదుపాయం ఉంది. కింద కాయ కట్టేసిన మొక్క, నాలుగైదు వందల మీటర్లు పైకి వెళ్తే ఇంకా మొగ్గ మీద కనిపించవచ్చు. ఆలస్యంగా వెళ్లినవాళ్లు పైకి ఎక్కాలి. ముందుగా వెళ్లినవాళ్లు ఎండ బాగా తగిలే వాలుల్లో, కింది భాగాల్లో వెతకాలి. ఒకే ఎత్తులో కూడా తేడా ఉంటుంది. గాలికి మంచు కొట్టుకొచ్చి పేరుకున్న పల్లాల్లో అది జులై దాకా కరగదు. అలాంటి మంచు కుప్ప అంచున జూన్ పూలు జులైలో పూస్తాయి. మంచు కుప్ప కనిపిస్తే ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా, దాని చుట్టూ నేల ఎలా ఉందో చూడండి. కుప్ప మీదకు మాత్రం ఎక్కకండి, అడుగున నీళ్లు పారి డొల్లగా ఉంటుంది.

ఇక నెలల లెక్క. జూన్‌లో లోయ ఇంకా సగం మంచుతో ఉంటుంది. దారిలో కూడా మంచు గడ్డ మీదుగా నడవాల్సి రావచ్చు, దాన్ని అక్కడివాళ్లు గ్లేసియర్ అనే అంటారు. ఊదా రంగు ప్రిములాలు, తెల్లటి అనిమోన్లు, పొట్టి ఐరిస్‌లు, పొదల మీద రోడోడెండ్రాన్లు అప్పటివి. సంఖ్య తక్కువ, కానీ ఒక్కో పువ్వూ విడిగా కనిపిస్తుంది. జనం కూడా తక్కువే.

జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా అసలు పూత. నీలి ఊదా జెరానియం, ఎర్రటి పొటెంటిల్లా, ముళ్ల ఆకుల మధ్య నుంచి నిలువుగా లేచే గులాబీ రంగు మోరినా, పడగ విప్పిన పాములా ఉండే కోబ్రా లిలీ జులైలో వస్తాయి. ఆగస్టు వచ్చేసరికి హిమాలయ బాల్సమ్ గులాబీ రంగులో వాలులకు వాలులే కమ్మేస్తుంది. మన పెరళ్లలో పెంచుకునే బాల్సమ్‌కు ఇది దగ్గరి చుట్టం, కాకపోతే ఇక్కడ భుజాల దాకా పెరుగుతుంది. నది ఒడ్డు రాళ్లలో ఎపిలోబియం, గడ్డిలో పెడిక్యులారిస్, గంటల ఆకారంలో కాంపాన్యులా కూడా అప్పుడే.

సెప్టెంబరులో వాన తగ్గుతుంది, ఆకాశం నీలంగా తేలుతుంది, చుట్టూ మంచు శిఖరాలు కనిపిస్తాయి. పూలు పలచబడి, ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరుగుతాయి. నీలి జెన్షియన్‌లు ఈ నెలకు ప్రత్యేకం. నేలకు అంటుకుని పూస్తాయి కాబట్టి పైపైన చూసేవాళ్లకు కనపడవు.

ఒక్కసారే వెళ్లగలిగితే జులై చివరి వారం నుంచి ఆగస్టు 15 లోపు పెట్టుకోండి. తడవడం అసలు పడదనుకుంటే, చిన్నపిల్లలు వెంట ఉంటే, సెప్టెంబరు మొదటి వారం నయం. పంద్రాగస్టు వారాంతంలో మాత్రం వద్దు, లోయకు వెళ్లేవాళ్లు బస చేసే గంగారియా ఊళ్లో గది దొరకడమే కష్టమవుతుంది.

తర్వాత దారి, అదనపు రోజులు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి ముందు ఢిల్లీకి గానీ డెహ్రాడూన్‌కి గానీ చేరాలి. అక్కడి నుంచి హరిద్వార్ లేదా రిషీకేశ్. రిషీకేశ్‌లో తెల్లవారుజామునే బయల్దేరితే దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ మీదుగా సాయంత్రానికి జోషీమఠ్ చేరతారు. దూరం 250 కిలోమీటర్ల పైచిలుకే అయినా కొండ దారి కాబట్టి పగలంతా పడుతుంది. రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. జోషీమఠ్ నుంచి గోవింద్‌ఘాట్ సుమారు 20 కిలోమీటర్లు. అక్కడి నుంచి పుల్నా వరకు నాలుగు కిలోమీటర్లు షేర్ జీపులు తిరుగుతాయి. పుల్నా నుంచి గంగారియాకు పది కిలోమీటర్ల నడక.

పూలు బాగా పూసే రోజులూ కొండచరియలు విరిగిపడే రోజులూ ఒకటే. శ్రీనగర్‌కీ (కశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌లోది) రుద్రప్రయాగకీ మధ్య ఉన్న సిరోబగడ్ లాంటి చోట్ల ప్రతి వానాకాలం దారి మూసుకుపోతూ ఉంటుంది. ఒక్కోసారి రెండు గంటలు, ఒక్కోసారి రెండు రోజులు. అందుకని పోయేటప్పుడు ఒక రోజు, వచ్చేటప్పుడు ఒక రోజు ఖాళీగా ఉంచుకుని తిరుగు టికెట్ తీసుకోండి. మొత్తం తొమ్మిది పది రోజులు లేకపోతే ఈ ప్రయాణం టెన్షన్‌తోనే గడిచిపోతుంది. అన్ని రోజులు దొరకనివాళ్లు చోప్తా వెళ్లి తుంగనాథ్ ఎక్కవచ్చు. మూడున్నర కిలోమీటర్ల రాతి బాట, 3,680 మీటర్ల ఎత్తు. జులై, ఆగస్టుల్లో ఆ పచ్చిక వాలుల మీద కూడా ఎత్తైన కొండల పూలు చాలా పూస్తాయి.

ఉత్తరాఖండ్ ప్రభుత్వ యాత్రా రిజిస్ట్రేషన్ బయల్దేరేముందే ఆన్‌లైన్‌లో చేసుకోండి, గంగారియా నుంచి ఎక్కే సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్ కూడా అందులోనే ఉంటుంది. లోయ ప్రవేశ రుసుము వేరు, అది అటవీ శాఖది. రేట్లు, గేటు వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి గంగారియా చేరిన సాయంత్రమే చెక్‌పోస్టు దగ్గర కనుక్కోండి. నగదు జోషీమఠ్‌లోనే తీసుకోండి. పైన ఏటీఎం మీద, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

కాళ్లను, ఊపిరిని సిద్ధం చేసుకోండి

పుల్నా నుంచి గంగారియాకు వెళ్లేసరికి సుమారు వెయ్యి మీటర్లు ఎక్కుతాం. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కిన అలవాటు ఉంటే ఈ నడక ఎంత ఉంటుందో కొంత అంచనా దొరుకుతుంది. ఆ మెట్లు ఎక్కి, మర్నాడు మళ్లీ నాలుగు గంటలు నడవగలిగితే కాళ్ల సంగతి దిగులు లేదు. తిరుపతి దగ్గర్లో లేనివాళ్లు బయల్దేరడానికి రెండు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు, రోజూ గంట నడవండి. అందులో రెండు రోజులు అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి. దిగడం మర్చిపోకండి, మోకాళ్లు నొప్పి పెట్టేది దిగేటప్పుడే.

ఊపిరి సంగతి వేరు. దానికి ఇక్కడ చేసే సాధన పెద్దగా పనికిరాదు. గంగారియా 3,050 మీటర్లు. లోయ 3,300 నుంచి 3,600 దాకా. హేమకుండ్ 4,300 మీటర్లకు పైన, అక్కడ శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్ర తీరంలో దొరికే దానిలో అరవై శాతం మాత్రమే. జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగండి. గంగారియాలో మొదటి రాత్రి కడుపు నిండా తినకుండా, మందు ముట్టకుండా, నీళ్లు బాగా తాగి పడుకోండి. తలనొప్పి, వికారం తగ్గకుండా పెరుగుతుంటే ఇంకా పైకి వెళ్లకూడదు. నడక తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగాలి, తెల్లారే దాకా చూద్దామనుకోకూడదు. బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు బయల్దేరేముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ లాంటి మాత్రలు స్నేహితుడు చెప్పాడని వేసుకోవద్దు.

సంచిలో ఏముండాలి

వానే మొదటి శత్రువు. సంచి మీద నుంచి కూడా కప్పే పొంచో, దానికి తోడు మామూలు గొడుగు. గొడుగు చూసి ట్రెక్కింగ్ వాళ్లు నవ్వుతారేమో గానీ, చినుకుల్లో వంగి పువ్వు ఫొటో తీసేటప్పుడు దానంత ఉపయోగపడేది లేదు. చీలమండ మీదకు వచ్చే, పట్టు ఉన్న బూట్లు కనీసం నెల రోజులు వాడినవై ఉండాలి. సాక్సులు నాలుగు జతలు. జీన్స్ ఇంట్లోనే ఉంచండి, తడిస్తే బరువు, ఆరవు. చేతికర్ర గోవింద్‌ఘాట్‌లోనే చవకగా దొరుకుతుంది. పలచటి స్వెటర్లు రెండు, గాలి ఆపే జాకెట్ ఒకటి చాలు. పొడి బట్టలు ఒక జత ప్లాస్టిక్ కవర్లో కట్టి, గది చేరేదాకా విప్పకండి.

లోయ లోపల దుకాణం అనేదే ఉండదు. పొద్దున గంగారియాలో పరాఠాలు కట్టించుకోండి. పల్లీ చిక్కీలు, వేయించిన శనగలు ఇంటి నుంచి తెచ్చుకుంటే ఆ చలిలో ప్రాణం లేచి వస్తుంది. తెచ్చిన ప్రతి కవరూ తిరిగి కిందికి తీసుకురండి. ఈ దారిలో చెత్త ఏరి శుభ్రంగా ఉంచడానికి భ్యుందార్ ప్రాంతపు ఎకో డెవలప్‌మెంట్ కమిటీ వాళ్లు ఏళ్లుగా కష్టపడుతున్నారు.

పువ్వులు చూడటానికి ప్రత్యేకంగా కావాల్సినవి మూడే: పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, తడిసినా రాసుకోగలిగే పెన్సిలు, నోటుపుస్తకం.

లోయలో మొదటి రోజు

పుల్నా నుంచి వచ్చిన రోజు గంగారియాలో విశ్రాంతి. మర్నాడు లోయ, ఆ మర్నాడు హేమకుండ్. ఈ వరుస మార్చకండి, తక్కువ ఎత్తులో ఒక రోజు గడిపితే ఒంటికి అలవాటవుతుంది. వీలైతే గంగారియాలో ఇంకో రోజు ఉండి లోయకు రెండోసారి వెళ్లండి. మొదటిసారి కళ్లు ఆ పచ్చదనానికే సరిపోతాయి, చిన్న పూలు రెండోసారికే కనిపిస్తాయి.

ఉదయం ఏడింటి ప్రాంతంలో గేటు తెరుస్తారు. అప్పటికే అక్కడ ఉండండి. మధ్యాహ్నం దాటాక లోపలికి పంపరు, సాయంత్రం ఐదు లోపు అందరూ బయటికి రావాలి, లోపల రాత్రి ఉండనివ్వరు. గుర్రాలకు కూడా లోపలికి అనుమతి లేదు. నడవలేనివాళ్లను బుట్టలో మోసుకెళ్లే పిట్టూలు గంగారియాలో దొరుకుతారు.

గేటు దాటి పుష్పావతి నది వంతెన దిగాక దారి నిటారుగా లేస్తుంది. ఇక్కడే చాలామంది పరుగు లాంటి నడక నడుస్తారు, అసలు లోయ ఇంకా ముందుంది కదా అని. ఆ తొందర వద్దు. ఈ అడవి నీడలో పెరిగే పూలు పైన పచ్చికలో దొరకవు. కోబ్రా లిలీ కోసం చూడాల్సింది ఇక్కడే, చెట్ల మొదళ్ల తడిలో. తెల్లటి బెరడు పొరలు పొరలుగా ఊడుతున్న చెట్లు కనిపిస్తాయి, అవే భూర్జ వృక్షాలు. పూర్వం గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం ఈ బెరడే. బెరడు ఒలిచి తెచ్చుకోవాలని అనిపిస్తుంది, ముట్టుకోకండి. ఈ చెట్లు ఆగిపోయిన చోటి నుంచే ఆల్పైన్ పచ్చిక మొదలవుతుంది. అక్కడికి చేరాక తల ఎత్తి లోయ మొత్తాన్ని ఒకసారి చూడండి, ఆ తర్వాత చూపు కిందికి దించండి.

చూడటానికి నేను పాటించే పద్ధతి ఇది. లోయను ఒకే తోటగా అనుకోకుండా నాలుగు చోట్లుగా విడదీసుకోండి: లోతైన గడ్డి, వాగు ఒడ్డు, పెద్ద బండల పగుళ్లు, రాళ్లూ ఇసుకా ఉన్న నది గర్భం. ఒక్కో చోటికి ఒక్కో రకం పూలు. లోతైన గడ్డిలో పొడుగు మొక్కలు గెలుస్తాయి, బాల్సమ్, గొడుగు పూలు పూసే ఏంజెలికా లాంటివి. వాగు ఒడ్డున ప్రిములాలు, తెల్లటి పర్నాసియా. బండ పగులులో పిడికెడు మట్టి కూడా ఉండదు, అక్కడ పూసేవన్నీ పొట్టిగా, దట్టంగా, నేలకు అతుక్కుని ఉంటాయి. గాలి తగలకుండా, ఎండకు వేడెక్కిన రాతి వెచ్చదనం పోకుండా అలా పెరుగుతాయి. ప్రతి చోటా పావుగంట కూర్చోండి. కూర్చుంటే బంబుల్ బీలు వస్తాయి. జెరానియం రేకుల మీద గీతలు మధ్యలోకి దారి చూపిస్తుంటాయి, ఆ గీతల వెంటే అవి లోపలికి వెళ్తాయి. పెడిక్యులారిస్ మీద వాలిన తేనెటీగ పువ్వును ఎలా పట్టుకుంటుందో గమనించండి. ఇవన్నీ నడుస్తూ కనపడవు.

మబ్బు పట్టిందని దిగులు పడకండి. రంగులు మెత్తగా, నిండుగా కనపడేది మబ్బు వెలుగులోనే, ఫొటోలకు కూడా అదే మేలు. జెన్షియన్‌ల కోసం వెళ్తే మాత్రం ఎండ కావాలి, మబ్బు వస్తే అవి ముడుచుకుంటాయి. ముడుచుకున్న చోటు గుర్తు పెట్టుకుని, ఎండ వచ్చాక తిరిగి వెళ్లండి.

బాట దిగకండి. పువ్వు పక్కన కూర్చుని ఫొటో దిగడానికి గడ్డిలోకి వెళ్లే ప్రతి మనిషీ నాలుగైదు మొక్కలను తొక్కుతాడు, వాటికి ఈ ఏడాది గింజ కట్టే అవకాశం మళ్లీ రాదు. మీకోసం కూడా చెబుతున్నాను. ఇక్కడ పెరిగే నాభి జాతి మొక్కల్లో చాలా విషపూరితమైనవి ఉన్నాయి. ఆయుర్వేదంలో వాడే అతివస కూడా ఆ కుటుంబానిదే. తవ్వకాల వల్ల అది అడవుల్లో బాగా తగ్గిపోయింది. ఏ ఆకునూ నలిపి వాసన చూడకండి, నోట్లో పెట్టుకోకండి.

దారి పొడవునా తెల్లటి గుత్తులతో గుబురుగా పెరిగిన ఒక మొక్క ఎక్కువగా కనపడుతుంది, పాలిగోనమ్. అందంగానే ఉంటుంది. కానీ అది అల్లుకున్న చోట చిన్న మొక్కలకు వెలుతురు అందదు. అటవీ శాఖ ఏటా మనుషులను పెట్టి పీకిస్తుంది. పార్కు ఏర్పడ్డాక పశువుల మేపు ఆపేయడం వల్లే ఇది పెరిగిందా, లేదా అన్నదాని మీద పరిశోధకుల మధ్య వాదన ఉంది. పాలిగోనమ్ ఉన్న చోట, లేని చోట ఎన్ని రకాల పూలు ఉన్నాయో పోల్చి లెక్కపెట్టండి, ఆ వాదన దేని గురించో అర్థమవుతుంది.

ఓపిక ఉంటే జోన్ మార్గరెట్ లెగ్గే సమాధి దాకా వెళ్లండి. పూల మొక్కలు సేకరించడానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆవిడ 1939లో ఇక్కడే జారిపడి చనిపోయారు. ఆమె సోదరి వచ్చి రాయి వేయించారు. అక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా ఒంటిగంటన్నరకు వెనక్కి తిరగండి. మధ్యాహ్నం వాన పెరుగుతుంది, మంచు కరిగే నీళ్లతో పాయలు కూడా పొద్దున దాటినప్పటికంటే ఉధృతంగా ఉంటాయి.

రెండో రోజు, హేమకుండ్ దారి

ఆరు కిలోమీటర్లలో పన్నెండు వందల మీటర్లకు పైగా ఎక్కాలి. ఉదయం ఐదింటికే బయల్దేరండి. గుర్రాలు ఉంటాయి గానీ వాటి మీద కూర్చుంటే పూలు చూడలేరు. నడవగలిగేంత దూరం నడిచి, అవసరమైతే చివర్లో ఎక్కండి. గురుద్వారాలో వేడి కిచిడీ, టీ పెడతారు. పైన రాత్రి ఉండటానికి వీల్లేదు, మధ్యాహ్నానికే దిగడం మొదలుపెట్టాలి.

ఈ దారి కోసమే కొందరు మొక్కల ప్రేమికులు ఇంత దూరం వస్తారు, రెండు పూలున్నాయి ఇక్కడ. ఒకటి నీలి పాపీ. బండల సందుల్లో, ఒళ్లంతా ముళ్లతో, పలచటి నీలి రేకులతో ఉంటుంది. జులైలో ఎక్కువ. వానకు రేకులు తొందరగా రాలిపోతాయి కాబట్టి ఎక్కేటప్పుడు కనపడితే అప్పుడే ఆగి చూడండి, దిగేటప్పుడు చూద్దామనుకోవద్దు.

రెండోది బ్రహ్మకమలం, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మన ఇళ్లలో కుండీల్లో రాత్రిపూట విచ్చుకునే తెల్లటి పువ్వు ఇది కాదు. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ కుటుంబపు మొక్క. హిమాలయాల బ్రహ్మకమలం పొద్దుతిరుగుడు కుటుంబానిది. బయటికి రేకుల్లా కనిపించే పలచటి లేత పసుపుపచ్చ పొరలు నిజానికి ఆకుల్లాంటివే. అవి లోపలి ఊదా రంగు పూలగుత్తిని చలి నుంచి, వాన నుంచి కాపాడతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో, హేమకుండ్ సరస్సు దగ్గర పడుతుండగా రాళ్ల వాలుల్లో చూడండి. గుడిలో సమర్పించడానికి కోసి అమ్మేవాళ్లు ఎదురైతే కొనకండి. కోసిన పువ్వుకు గింజ ఉండదు.

రాత్రి గదిలో చేయాల్సిన పని

ప్రతి పువ్వుకూ మూడు ఫొటోలు ఉండాలి: పువ్వు దగ్గరగా, ఆకులు, మొక్క మొత్తం. ఒక్క పువ్వు ఫొటోతో పేరు తేల్చడం కష్టం, ఎందుకంటే పెడిక్యులారిస్‌లోనూ పొటెంటిల్లాలోనూ ఒకదానికొకటి దగ్గరగా ఉండే రకాలు చాలా ఉన్నాయి. ఆ రోజే నోటుపుస్తకంలో తేదీ, చోటు, ఎత్తు రాసుకోండి. ఎత్తు ఫోన్ చూపిస్తుంది, ఒకటి రెండు పదుల మీటర్ల తేడా ఉన్నా ఫర్వాలేదు. ఇంటికి వచ్చాక ఐనేచురలిస్ట్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ ఎక్కించండి, పేర్లు తెలిసినవాళ్లు సరిచేస్తారు. ఏ పువ్వు ఏ తేదీన ఏ ఎత్తులో పూసిందో రాసి పెట్టిన ఒక్కో వివరం, మంచు ముందే కరుగుతున్న ఏళ్లలో పూత ఎంత ముందుకు జరుగుతోందో లెక్క వేసేవాళ్లకు పనికొస్తుంది. వచ్చే ఏడాది ఏ వారం వెళ్లాలో తేల్చుకోవడానికి మీకూ పనికొస్తుంది.